డేగల చిట్టా

రేచెల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ (1962) చదివినవాళ్ళకి మామూలుగా రెండు గుర్తుంటాయి. ఒకటి మొదట్లో వచ్చే, పక్షుల పాట ఆగిపోయిన ఊరి కథ. రెండోది చివరి అధ్యాయంలో రెండు దారుల పోలిక. ఎనిమిదో అధ్యాయంలో ఉన్న ఒక చిన్న పేరా మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకూ ఉండలేదు. మొదటిసారి చదువుతున్నప్పుడు అక్కడ శాతాలు కనబడగానే కళ్ళు వాటంతటవే కింది పేరాకి జారిపోయాయి. సాహిత్యం చదివేవాళ్ళం కదా, అంకెలొస్తే అంతే.

రెండోసారి ఆగి చదివాను. పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండ మీద నిలబడి ఒకాయన, వలస పోయే గద్దల్నీ డేగల్నీ ఏటా లెక్కపెడుతున్నాడు. 1935-39 మధ్య ఆయన చూసిన బాల్డ్ ఈగిల్స్‌లో నూటికి నలభై పిల్ల పక్షులు. 1955-59 మధ్య అవి నూటికి ఇరవయ్యే. 1957లో అయితే ముప్ఫై రెండు పెద్ద పక్షులకి ఒకే ఒక్క పిల్ల పక్షి. కార్సన్ ఇంతే చెప్పి ముందుకెళ్ళిపోతుంది. ఒక్క విశేషణం లేదు, ఒక్క నిట్టూర్పు లేదు. కానీ ఆ ముప్ఫై రెండుకి ఒకటి దగ్గర ఈసారి నేను పుస్తకం మూసేశాను. పెద్దవాళ్ళే మిగిలి, పిల్లలు కనబడని ఊళ్ళోకి వెళ్ళినట్టు అనిపించింది. పిల్లలు లేని ఊళ్ళో పెద్దవాళ్ళ సంఖ్య చూసి ఏం సంతోషిస్తాం?

ఆ పేరా వెనకున్న చిట్టా గురించే ఈ వ్యాసం. అలాంటి చిట్టాని కూడా ఒక రచనగా చదవాలేమో అన్న అనుమానం గురించి కూడా.

లెక్కపెట్టిన ఆయన పేరు మారిస్ బ్రౌన్. (మన నిఘంటువు బ్రౌన్‌కి ఏమీ కాడు.) 1934కి ముందు ఆ కొండ వేటగాళ్ళది. అక్కడ కొండవరస పొడుగూతా గాలి కొట్టుకుని పైకి లేస్తుంది. శరదృతువులో దక్షిణానికి పోయే వేటపక్షులు రెక్క ఆడించే శ్రమ లేకుండా ఆ గాలి మీద తేలుతూ, మనిషి తలకి కొంచెం ఎత్తులో, ఒక్కోసారి మనిషి కాళ్ళ కింద లోయలోంచి కూడా వెళ్తుంటాయి. గురి కుదరకపోవడానికి లేదు. పైగా గాస్‌హాక్ అనే డేగని చంపి తెస్తే రాష్ట్రం ఐదు డాలర్లిచ్చేది. ఆర్థికమాంద్యం రోజుల్లో ఐదు డాలర్లు! రిచర్డ్ పఫ్ అనే యువకుడు 1932లో అక్కడికి వెళ్ళి, చచ్చిన పక్షుల్ని నేల మీద వరసలుగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు న్యూయార్క్‌లో రోజలీ ఎడ్జ్ కంటబడ్డాయి. మహిళల ఓటుహక్కు ఉద్యమంలోంచి వచ్చిన ఆవిడ విన్నపాలతో ఆగే రకం కాదు. 1934లో ఆ కొండనే, దాదాపు 1,400 ఎకరాలు, లీజుకి తీసేసుకుంది. కాపలాకి బ్రౌన్‌నీ ఆయన భార్య అర్మానీ పంపింది.

కాపలా కాయడానికి వెళ్ళినవాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నన్ను మొదట పట్టుకుంది ఇదే. తుపాకులు ఆపడానికి వెళ్ళినవాడికి, ‘ఈరోజు ఎన్ని వెళ్ళాయి’ అని రాసుకోవాలని ఎందుకు తోచినట్టు?

దీనికి జవాబు దొరుకుతుందేమోనని బ్రౌన్ సొంత పుస్తకం ‘హాక్స్ అలాఫ్ట్’ (1949) చదివాను. నిజం చెప్పాలంటే ఇది గొప్ప పుస్తకమేం కాదు. హుషారుగా సాగే జ్ఞాపకాలు. గొడవకొచ్చిన వేటగాళ్ళు, సరదా సందర్శకులు, తాము కాపురమున్న పాత ఇంట్లో ఒకప్పుడు సత్రం నడుపుతూ బాటసారుల్ని చంపాడని జనం చెప్పుకునే ఒకడి కథ, ఇలాంటివన్నీ ఉంటాయి. డేగల గుంపు వచ్చిన రోజుల్ని వర్ణించేటప్పుడు బ్రౌన్‌కి మాటలు సరిపోవు. ఆశ్చర్యార్థకాలతో సరిపెట్టుకుంటాడు. ఈ పుస్తకంలో నాకు అందరికంటే నచ్చిన మనిషి అర్మా. ఆయన పైన పక్షుల్ని చూస్తుంటే, ఆవిడ కింద రోడ్డు మీద నిలబడి తుపాకులతో వచ్చేవాళ్ళని వెనక్కి పంపేది. రోజుకి ఎంతమందిని పంపిందో ఆ లెక్క కూడా ఎవరైనా రాసి ఉంటే బావుండేది.

కానీ ఈ హుషారు పుస్తకాన్ని ఇవాళ చదివేవాళ్ళకి ఒక తేడా తెలుస్తుంది. అది అచ్చయింది 1949లో. డీడీటీ అమెరికా పొలాల్లోకి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. పుస్తకంలో కొండని గెలిచిన ఆనందం ఉంది. తుపాకులు ఆగిపోయాయి, పక్షులు వస్తున్నాయి, కథ సుఖాంతం. రచయితగా బ్రౌన్‌కి తెలియనిది ఆయన రోజువారీ కాగితాల్లో అప్పటికే చేరడం మొదలైంది. ఎందుకంటే ఆయన ఈగిల్స్‌ని లెక్కపెట్టేటప్పుడు పెద్దవీ పిల్లవీ కలిపి రాయలేదు. పిల్ల పక్షికి తల కూడా గోధుమ నలుపే, తెల్ల తల రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. చూస్తే తెలిసిపోతుంది కాబట్టి రెండూ విడివిడిగా వేశాడు. ఎందుకో అప్పుడు ఎవరికీ తెలీదు.

1960లో కార్సన్ ఉత్తరం రాసి పిల్ల ఈగిల్స్ సంగతి అడిగినప్పుడు, పాతికేళ్ళ కాగితాలు జవాబు చెప్పాయి. మన పాత కిరాణా కొట్లలో రెండు పుస్తకాలుండేవి. ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు రాసేది చిట్టా. దాన్నే తర్వాత ఖాతాల వారీగా విడగొట్టి, ఎవరికి ఎంత బాకీ అని తేల్చేది ఆవర్జా. బ్రౌన్ చిట్టా రాశాడు. కార్సన్ ఆవర్జా తెరిచింది. బాకీ ఎవరిదో తేలింది.

లెక్కపెట్టడం అంటే తేలికే అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఈ పుస్తకాల మత్తులో ఉండగా ఒక వారం రోజులు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీదకెక్కి సాయంత్రాలు గద్దల్ని లెక్కపెట్టాను. మొదటిరోజు నలభై మూడు. రెండోరోజు నూట పది. మూడోరోజు అర్థమైంది, నేను లెక్కపెడుతున్నది గద్దల్ని కాదు, గద్దల చక్కర్లని. వాటర్ ట్యాంక్ వెనక్కి వెళ్ళిందే మళ్ళీ ఇటునుంచి వస్తోంది. మా వాచ్‌మన్ పైకొచ్చి, “పతంగి పోయిందా సార్?” అనడిగాడు. సంగతి చెప్తే నవ్వి, “గద్దలనేం లెక్కపెడతరు సార్, అవి రోజూ వస్తనే ఉంటయి గద” అన్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. రోజూ వస్తూనే ఉంటాయన్న నమ్మకంతోనే కదా ఎవరమూ లెక్కపెట్టనిది.

హాక్ మౌంటెన్ పద్ధతి ముందు నా డాబా లెక్క ఎంత గాలివాటమో తెలిసింది. అక్కడ వీక్షకుణ్ణి దాటి దక్షిణానికి పోయిన పక్షే లెక్కలోకొస్తుంది. ఎక్కడ కనబడిందో పక్కవాళ్ళకి చెప్పడానికి దూరంగా ఉన్న కొండబుడిపెలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లుంటాయి. గంటగంటకీ గాలి ఎటునుంచి, ఎండ ఎంత, మబ్బు ఎంత, ఎంత దూరం కనబడుతోంది, చూస్తున్న కళ్ళెన్ని అన్నవి రాయాలి. ఈ చివరిది చూడండి. పక్షుల సంఖ్య పక్కనే చూసేవాళ్ళ సంఖ్య. నేను చూసింది ఇంత, చూడగలిగింది ఇంతే అని ఒప్పుకోవడం. మన కథల్లో, వ్యాసాల్లో ఈ కాలమ్ ఉండదు. అంతా చూసినవాడిలాగే రాస్తాం.

ఇంకోటి. 1943 నుంచి 1945 దాకా ఆ చిట్టాలో ఖాళీ. బ్రౌన్ యుద్ధంలో నౌకాదళానికి వెళ్ళాడు. ఆ మూడేళ్ళూ ఎన్ని పక్షులు వెళ్ళుంటాయో సగటు వేసి పూరించడం ఎవరికైనా చేతనవును. పూరించలేదు. చదివేవాడిగా నేను దీన్ని శైలి అనే అంటాను.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడాలి. కాగితాల మీద గీతల్ని రచన అంటున్నావు, మరి జె.ఏ. బేకర్‌ని ఏం చేస్తావ్ అని. న్యాయమైన ప్రశ్న. వేటపక్షి గురించి ఇంగ్లిష్‌లో వచ్చిన గొప్ప పుస్తకం ఏదంటే ఎక్కువమంది ‘ది పెరెగ్రిన్’ (1967) అనే చెప్తారు. సినిమా దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ తన శిష్యులందరి చేతా చదివిస్తాడు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకునే ఒక హ్రస్వదృష్టి మనిషి, కీళ్ళ జబ్బుతో, సైకిల్ మీద, పదేళ్ళపాటు చలికాలమంతా బైరి డేగల వెంట తిరిగాడు. స్కాండినేవియా వైపు నుంచి శీతాకాలానికి వలస వచ్చే పక్షులవి. పదేళ్ళనీ ఒకే చలికాలంగా, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా నడిచే డైరీగా మలిచాడు. ఊళ్ళ పేర్లుండవు, మనుషుల పేర్లుండవు. చివరికొచ్చేసరికి చూసేవాడూ డేగా వేరువేరన్న సంగతి మనకి మసకబారిపోతుంది. నేను ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను, రెండుసార్లూ తర్వాత కొన్నాళ్ళు ఏమీ రాయలేకపోయాను.

కానీ పక్షుల్ని తెలిసినవాళ్ళు బేకర్‌ని చాలాకాలం అనుమానించారు. ఆయన వర్ణించినట్టు గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలాడించేది కెస్ట్రెల్ గానీ బైరి డేగ కాదన్నారు. అన్ని డేగలు ఆ చుట్టుపక్కల అప్పట్లో లేవన్నారు. ఎవరో పెంచుకుంటూ వదిలేసినవి అయ్యుండచ్చన్నారు. మిగిలిన డైరీలు బయటికొచ్చాక ఆయన నిజంగానే తిరిగాడని తేలింది గానీ, ఏ రోజు చూసింది ఏ రోజులో కలిసిందో ఇప్పుడు ఎవరూ విడదీయలేరు. నవలగా చదివితే ఇదేం తప్పు కాదు. నా అభ్యంతరం ఇంకోచోట. బేకర్ తన డేగలు విషాలతో చచ్చిపోతున్నాయని నమ్మాడు, ఆ దుఃఖంతోనే రాశాడు. అవి పూర్తిగా పోతాయనే అనుకున్నాడు. అంత దుఃఖపడ్డవాడి పుస్తకాన్ని మనం ఒక్క ప్రశ్న కూడా అడగలేం. ‘ఈ ఏడాది ఎన్ని? పోయినేడాది ఎన్ని?’ ఊహూఁ. అద్దంలాంటి వచనం. అందులో పక్షి కనబడుతుంది, చూస్తున్న బేకర్ కనబడతాడు, మూడోవాడు వచ్చి నిలబడటానికి చోటు లేదు.

అదే 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ ‘నేచర్’ పత్రికలో కొద్ది పేజీల పత్రం అచ్చేశాడు. దాని వెనక కథ నవలకి తక్కువేం కాదు. బ్రిటన్‌లో పందెపు పావురాలు పెంచేవాళ్ళు, బైరి డేగలు ఎక్కువైపోయి మా పావురాల్ని తినేస్తున్నాయి, వాటికిచ్చిన చట్టరక్షణ తీసేయండి అని మొరపెట్టుకున్నారు. సరే, ఎన్నున్నాయో చూద్దామని 1961-62లో దేశమంతా గాలించి లెక్కేస్తే తేలిందేంటంటే డేగలు ఎక్కువవలేదు, కూలిపోయాయి. గూళ్ళలో గుడ్లు పగిలి ఉన్నాయి. ఎందుకు? రాట్‌క్లిఫ్‌కి జవాబు దొరికింది పక్షిగుడ్లు సేకరించే పిచ్చివాళ్ళ పెట్టెల్లో. గూళ్ళు దోచి, గుడ్డు మీద తేదీ, ఊరు రాసి దూదిలో దాచుకున్న మనుషులు. వాళ్ళ గుడ్లని తూచి చూస్తే, 1947 ప్రాంతం నుంచి పెంకు బరువు ఒక్కసారిగా పడిపోయింది. పెంకు పల్చనై, పొదిగే తల్లి కిందే గుడ్డు పగిలిపోతోంది. హాక్ మౌంటెన్ మీద పిల్ల ఈగిల్స్ ఎందుకు కనబడలేదో అర్థమవడానికి ఇదీ దారి చూపింది. కార్సన్ అప్పటికే మూడేళ్ళ క్రితం చనిపోయింది.

దొంగల పుస్తకంలో తేదీ సరిగ్గా ఉంది కాబట్టి పనికొచ్చింది. ప్రేమికుడి పుస్తకంలో లేదు కాబట్టి రాలేదు. ఇలా రాయడం బేకర్‌కి అన్యాయమని నాకు తెలుసు. అయినా ఈ రెండు వాక్యాల్నీ కొట్టేయబుద్ధి కావడం లేదు.

మన దగ్గర డేగ పరిస్థితి ఏంటి? భాషలో అయితే డేగ కన్ను ఉంది, గద్ద తన్నుకుపోవడం ఉంది. వేటకి పెంచే డేగని సాళువ అన్నాం, విజయనగరంలో ఆ పేరుతో ఒక రాజవంశమే ఉంది. కథల్లో అందరికీ తెలిసింది శిబి చక్రవర్తిది. చిన్నప్పుడు విన్నప్పుడు మనమంతా పావురం వైపే. పెద్దయ్యాక చదివితే ఆ కథలో అసలైన వాదన డేగది. నాకు దేవుడిచ్చిన తిండిని లాక్కున్నావు, నేను చస్తే నా పిల్లలూ చస్తాయి, ఒక ప్రాణాన్ని కాపాడి ఇన్ని ప్రాణాలు తీయడం ఏం ధర్మం అని అడుగుతుంది. రాజు దగ్గర జవాబు లేదు, తన తొడమాంసం తప్ప. ఇంత బాగా వాదించిన డేగని కథ డేగగా ఉండనివ్వదు. చివర్లో అది ఇంద్రుడని తేలుతుంది. ఇంద్రుడికి గూట్లో ఆకలితో ఉన్న పిల్లలెక్కడివి? ఆ పిల్లల సంగతి కథ మర్చిపోయింది. ఆ కథలో ఒక త్రాసు ఉండటం, దాని మీద పావురాన్ని తూచడం మాత్రం ఇప్పుడు నాకు వేరేగా కనబడుతోంది. రాట్‌క్లిఫ్ త్రాసు మీద డేగ గుడ్డు ఎక్కింది.

ఈమధ్య మన దేశంలో వేటపక్షుల వలస అనగానే వినబడేది అమూర్ ఫాల్కన్ కథ. పెన్సిల్వేనియా కథకి ఇది కవల. 2012 శరత్తులో నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర ఈ చిన్న డేగల్ని వలలు కట్టి లక్షకి పైగా పట్టి చంపారని ఒక చిన్న బృందం వీడియోతో సహా బయటపెట్టింది. రోజుకి పన్నెండు నుంచి పద్నాలుగు వేలన్నది వాళ్ళ అంచనా. వేటగాళ్ళ గుంపులెన్ని, ఒక్కో గుంపుకి వలలెన్ని, వలకి పక్షులెన్ని అని గుణించుకుంటూ పోయిన లెక్క అది. పాంగ్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే వల విప్పేసి, మరుసటి ఏడాది కాపలాకి నిలబడ్డారు. 2013లో మూడు పక్షుల వీపు మీద ఐదేసి గ్రాముల శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. దక్కను మీదుగా, మన తలల మీదుగానే, అరేబియా సముద్రం దాటి సోమాలియా చేరే పక్షులవి.

అప్పట్నుంచీ ప్రతి నవంబరులో మన పత్రికల్లో ఒక వార్త తప్పదు. ఫలానా పేరుగల పక్షి ఇన్ని రోజుల్లో ఇన్ని వేల కిలోమీటర్లు ఆగకుండా ఎగిరింది! నేనూ చదువుతాను, నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. పేరున్న పక్షి, మ్యాప్ మీద గీత, సముద్రం దాటడం, ఇంతకంటే మంచి కథ ఎవరికి దొరుకుతుంది? పైగా ఊరి పేరు పక్షికి పెట్టడం చాలా తెలివైన పని. నీ ఊరి పేరుతో ఎగిరేదాన్ని నువ్వు వలలో ఎలా వేస్తావు? కానీ విమర్శకుడి బుద్ధి ఎక్కడికి పోతుంది. ఈ కథనాల్లో నాయకుడొక్కడే ఉంటాడు, మిగతా లక్షలాది పక్షులు ఆకాశం బొమ్మ కింద బ్యాక్‌గ్రౌండ్ అయిపోతాయి. ఒక పక్షి సోమాలియా చేరిందన్న వార్త, గుంపు తగ్గిందో పెరిగిందో చెప్పదు. ముప్ఫై రెండుకి ఒకటి అన్నది ఏ ఒక్క పక్షి జీవితకథలోనూ కనబడదు. దానికి ఏ పక్షికీ పేరు పెట్టకుండా, ఏటా అదే చోట, అదే పద్ధతిలో నిలబడి విసుగ్గా గీతలు గీసేవాళ్ళు కావాలి. విసుగు గురించి ఎవరూ వార్త రాయరు.

కార్సన్‌కి ఈ రెండూ తెలుసు. 1945 అక్టోబరులో ఆవిడ స్వయంగా హాక్ మౌంటెన్ ఎక్కింది. బైనాక్యులర్స్‌తో రాతి మీద కూర్చున్న ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ అనుభవం మీద చిన్న వ్యాసం రాసుకుంది గానీ అచ్చుకివ్వలేదు. ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి ‘లాస్ట్ వుడ్స్’ (1998) సంకలనంలో వచ్చింది. అందులో కార్సన్ పూర్తిగా కవి. తను కూర్చున్న రాళ్ళలో పాత సముద్రాన్ని చూస్తుంది, డేగలు తేలే గాలి కూడా ఆవిడకి సముద్రమే. పదిహేనేళ్ళ తర్వాత అదే కొండ గురించి రాయాల్సొచ్చినప్పుడు ఆ సముద్రాన్ని, గాలిని, తను అక్కడికి వెళ్ళిన సంగతిని కూడా పక్కన పెట్టేసింది. ఇంకొకాయన లెక్కకి చోటిచ్చి తను తప్పుకుంది. అందమైన వ్యాసం చేతిలో ఉండి కూడా దాన్ని వాడకపోవడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అమెరికాలో డీడీటీని 1972లో నిషేధించారు. ఆ తర్వాత ఆ కొండ చిట్టాలో ఈగిల్స్ మెల్లగా తిరిగొచ్చాయి. 2007లో అంతరించే జాతుల జాబితాలోంచి బాల్డ్ ఈగిల్ పేరు తీసేశారు. బేకర్ పోయాయనుకున్న బైరి డేగలు ఇప్పుడు లండన్ మేడల మీద గూళ్ళు కడుతున్నాయి.

లెక్క మాత్రం ఆపలేదు. ఏటా ఆగస్టు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా ఎవరో ఒకరు ఆ రాతి మీద కూర్చునే ఉంటారు. పక్కనే గెడకి గుచ్చిన ప్లాస్టిక్ గుడ్లగూబ, దాన్ని చూసి కోపంతో దగ్గరికొచ్చే డేగలు. ఇప్పుడు తగ్గుతున్నది అమెరికన్ కెస్ట్రెల్ కాలమ్. ఉత్తర అమెరికా ఫాల్కన్లలో అన్నిటికంటే చిన్నది, ఒకప్పుడు కరెంటు తీగల మీద ఎక్కడ పడితే అక్కడ కనబడేది. కొన్ని దశాబ్దాలుగా తగ్గుతూ వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. గంటకోసారి గాలి ఎటునుంచో, కళ్ళెన్నో రాసి, కెస్ట్రెల్ గడిలో ఎన్నొస్తే అన్ని వేస్తున్నారు. కొన్ని గంటల్లో సున్నా వేస్తున్నారు.